రాజా రవివర్మ: ఎగ్మోర్ మ్యూజియంకి వచ్చే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో కాపురం ఉండే తెలుగువాళ్ల ఇంటికి చుట్టాలొస్తే చూపించాల్సినవి ఎప్పుడూ ఒకటే వరస. మెరీనా, కపాలీశ్వరుడి గుడి, ఆ తర్వాత టి.నగర్‌లో చీరల కొట్లు. నేను ఆ వరసలో ఎగ్మోర్ మ్యూజియంని కూడా ఇరికిస్తుంటాను. అమరావతి శిల్పాలు చూద్దాం రండని తీసుకెళ్లి, పనిలో పనిగా రవివర్మ సంగతి ఎత్తుతాను. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఎక్కువమంది అడిగేవి, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ పెడుతున్నాను. ముందే ఒక మాట: క్యాలెండర్లలో చూసిన రవివర్మ వేరు, కాన్వాస్ మీది రవివర్మ వేరు. నా జవాబులన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

రవివర్మ కేరళవాడు కదా, చెన్నైతో ఏం పని?

పుట్టింది కేరళలోనే. 1848 ఏప్రిల్ 29న, తిరువితాంకూరు సంస్థానంలోని కిళిమానూరులో. 1906 అక్టోబర్ 2న కన్నుమూసింది కూడా ఆ ఊళ్లోనే. కానీ ఆయన పేరు దేశానికి తెలిసింది మాత్రం మద్రాసు నుంచే.

1873లో మద్రాసులో జరిగిన ఫైన్ ఆర్ట్స్ ఎగ్జిబిషన్‌కి ఆయన ఒక చిత్రం పంపాడు. జడలో మల్లెదండ తురుముకుంటున్న నాయర్ స్త్రీ చిత్రమది. పెద్ద విషయమేమీ కాదు, ఇంట్లో రోజూ కనిపించే దృశ్యమే. దానికి గవర్నర్ బంగారు పతకం వచ్చింది. అప్పటికి ఆయన వయసు 25. అదే చిత్రం ఆ ఏడాదే వియన్నా ప్రదర్శనకి వెళ్లి అక్కడా బహుమతి తెచ్చుకుంది. మరుసటేడు మద్రాసులోనే ఇంకో బంగారు పతకం, తంత్రీవాద్యం వాయిస్తున్న తమిళ స్త్రీ చిత్రానికి. 1875లో వేల్స్ యువరాజు ఇండియా వచ్చినప్పుడు తిరువితాంకూరు మహారాజు ఆ చిత్రాన్ని ఆయనకి కానుకగా ఇచ్చాడు. 1876లో మద్రాసులో ముచ్చటగా మూడోసారి. ఈసారి శకుంతల. దాని గురించి కింద విడిగా చెప్తాను.

ఆ శకుంతలని కొనుక్కున్నది అప్పటి మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? కాకినాడ వైపు నుంచి నెల్లూరు మీదుగా చెన్నై దాకా వచ్చే బకింగ్‌హామ్ కాలువకి ఆయన పేరే పెట్టారు. 1876–78 కరువులో జనానికి పని కల్పించడానికి అడయారునీ కూవాన్నీ కలుపుతూ కాలువ తవ్వించింది ఆయన హయాంలోనే. 1878లో రవివర్మ ఆ గవర్నర్ నిలువెత్తు చిత్రం కూడా వేశాడు. ఒకపక్క కరువు, ఇంకోపక్క దర్జాగా ఆయిల్ పెయింటింగ్. అప్పటి మద్రాసులో రెండూ ఉన్నాయి.

ఆయన నిజంగా రాజా?

రాజ్యం ఏలిన రాజు కాదు. తిరువితాంకూరు రాజవంశంతో వియ్యమందే కుటుంబంలో పుట్టాడు. కుటుంబ మర్యాద ప్రకారం ఆయన రవివర్మ కోయిల్ తంపురాన్. 1904లో వైస్రాయ్ కర్జన్ కాలంలో ఇచ్చిన కైసర్-ఇ-హింద్ బంగారు పతకంతో పాటు 'రాజా' అన్న మాట కాగితం మీదికి ఎక్కింది, అలాగే స్థిరపడిపోయింది.

రాచరికం మాత్రం ఇంటికి వచ్చింది, మనవరాళ్ల రూపంలో. మగవాళ్లకి మేనల్లుళ్లే వారసులయ్యే ఆ సంస్థానంలో ఆడపిల్లలు లేకపోతే వంశం ఆగిపోయినట్టే. అందుకని 1900లో రవివర్మ మనవరాళ్లు ఇద్దరిని, సేతు లక్ష్మీబాయినీ సేతు పార్వతీబాయినీ, రాజకుటుంబం దత్తత తీసుకుంది. తిరువితాంకూరు చివరి మహారాజు సేతు పార్వతీబాయి కొడుకే.

బొమ్మలు వేయడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు నాకు కాస్త హుషారు ఎక్కువవుతుంది, ఎందుకంటే ఇందులో మనవాళ్ల ప్రస్తావన ఉంది.

మొదటి గురువు మేనమామ రాజరాజవర్మ. ఆయనా చిత్రకారుడే. చిన్నపిల్లవాడు గోడల మీద బొగ్గుతో గీసిన బొమ్మలు చూసి, కొట్టకుండా కూర్చోబెట్టి నేర్పింది ఆయనే అంటారు. మరి ఆ మేనమామకి నేర్పిందెవరు? మధురై నుంచి వచ్చి తిరువనంతపురం దర్బారులో పనిచేసిన అలగిరి నాయుడు. విజయనగరం పడిపోయాక తమిళదేశానికి వెళ్లి స్థిరపడిన తెలుగు చిత్రకారుల్లో రాజు కులంవాళ్లు తంజావూరు, తిరుచ్చిల్లోనూ, నాయుళ్లు మధురైలోనూ పేరు తెచ్చుకున్నారు. బంగారు రేకులు అతికి, రాళ్లు పొదిగి వేసే తంజావూరు పటాల వెనక ఈ కుటుంబాల చేతులున్నాయి. అలాంటి మధురై నాయుడి శిష్యుడి దగ్గర రవివర్మ ఓనమాలు దిద్దాడు. రవివర్మ తెలుగువాడని నేను అనడం లేదు సుమా, వాట్సాప్‌లో అలా పంపకండి.

1862లో, 14 ఏళ్ల వయసులో, మేనమామ వెంట తిరువనంతపురం వెళ్లాడు. మహారాజు ఆయిల్యం తిరునాళ్ ఆదరించాడు. దర్బారు చిత్రకారుడు రామస్వామి నాయకర్‌కి ఆయిల్ రంగుల పని బాగా తెలుసు. కానీ ఈ కుర్రాడిలో పోటీని చూశాడో ఏమో, నేర్పనన్నాడు. 1868లో థియోడర్ జెన్సెన్ అనే యూరప్ చిత్రకారుడు మహారాజు చిత్రాలు వేయడానికి వచ్చాడు. ఆయనా నేర్పలేదు. మహారాజు మాట కాదనలేక, తను వేస్తుండగా చూడటానికి మాత్రం ఒప్పుకున్నాడు.

చూడటమే చదువైంది. రంగులో నూనె ఎంత కలుపుతున్నాడు, అడుగు పూత ఎంత ఆరాక పై పూత వేస్తున్నాడు, చర్మం రంగు తేవడానికి ఏ రంగు తర్వాత ఏ రంగు తీస్తున్నాడు, ఇదంతా పక్కన నిలబడి పట్టుకోవాలి. తర్వాత ఇంటికొచ్చి తన చేత్తో చేసి చూసుకోవాలి. ఆయిల్ రంగులో ఒక సుఖం ఉంది: త్వరగా ఆరదు కాబట్టి చెంప దగ్గర వెలుగునీ నీడనీ నెమ్మదిగా ఒకదానిలోకి ఒకటి కలిపేయొచ్చు. మన పాత పద్ధతుల్లో ముందు గీత, తర్వాత రంగు. ఇక్కడ గీతే ఉండదు, వెలుతురుతోనే ముక్కు తేలుతుంది. రవివర్మ పట్టుకున్న కిటుకు ఇదే.

మరి మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదవలేదా?

లేదు. ఆ స్కూలుని 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టర్ మొదలుపెట్టాడు. రవివర్మ అందులోనే కాదు, ఏ ఆర్ట్ స్కూల్లోనూ చేరలేదు. ఆయన కొడుకు రామవర్మ మాత్రం బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు.

ఆయన మొదట సంపాదించింది దేవుడి బొమ్మలతోనేనా?

కాదు, మనుషుల బొమ్మలతో. 1870లో మూకాంబిక దర్శనానికి వెళ్లి వస్తూ కోళికోడ్‌లో ఒక న్యాయాధికారి కుటుంబ చిత్రం వేశాడు. డబ్బు తీసుకుని వేసిన తొలి పని అదేనని చెబుతారు. చివరిదాకా ఆయన రాబడిలో జమీందార్లు, దివాన్లు, దొరలు, రాణుల పోర్ట్రెయిట్ల వాటా పెద్దదే.

శకుంతల చిత్రంలో అంత గొప్పేముంది?

ముందు ఏ శకుంతల అన్నది తేల్చుకోవాలి. కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు నటిస్తూ వెనక్కి తిరిగి దుష్యంతుణ్ణి చూసే శకుంతల మనందరికీ తెలిసిన బొమ్మ. 1876లో మద్రాసులో పతకం కొట్టింది అది కాదు. అందులో శకుంతల నేల మీద బోర్లా పడుకుని, తామరాకు మీద ప్రేమలేఖ రాస్తుంటుంది.

ఇక్కడ తమాషా చూడండి. కాళిదాసు నాటకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మోనియర్ విలియమ్స్ ఈ చిత్రాన్ని తన పుస్తకం మొదట్లో వేసుకున్నాడు. అంటే మన కథ ఎలా ఉంటుందో ఇంగ్లీషువాళ్లకి చూపించే బొమ్మ ఇదైంది. అదే చిత్రాన్ని 1907లో వివేకానందుడి శిష్యురాలు సోదరి నివేదిత ఉతికి ఆరేసింది. పదిమంది కంటపడేలా నేల మీద సాగిలపడి ఉత్తరం రాయడం మర్యాదస్తుల ఇంటి పిల్ల చేసే పనేనా, భారతీయ కళ అంటే ఇదేనా అన్నది ఆమె కోపం.

నాకైతే ఇందులో నివేదిత చూపే చురుకైనదనిపిస్తుంది, తీర్పు కాదు. ఆ పడుకున్న తీరు నిజంగానే అప్పటిదాకా మన బొమ్మల్లో కనిపించేది కాదు. గుడి గోడ మీది శకుంతలకి ఒళ్లు బరువు ఉండదు. ఈ శకుంతల మోచేతి మీద ఆనుకుంటే ఆ మోచేయి నొప్పిపెడుతుందని మనకి తెలుస్తుంది. పురాణంలో ఉన్న మనిషికి ఒళ్లు వచ్చింది. కొందరికి నచ్చింది, కొందరికి చిరాకేసింది. ఇప్పటికీ అంతే.

బరోడా మహారాజు లక్షలు ఇచ్చాడంటారు, నిజమా?

లక్షలు కాదు, 50,000 రూపాయలు. ఆ రోజుల్లో అది మాటలు కాదు.

1880లో ఆయిల్యం తిరునాళ్ పోయాక కొత్త మహారాజుతో పొసగలేదు. రవివర్మ తిరువనంతపురం వదిలేశాడు. అప్పుడు అక్కరకొచ్చినవాడు సర్ టి. మాధవరావు. తిరువితాంకూరులో దివానుగా చేసి, తర్వాత బరోడా దివానైన మనిషి. ఆయన పరిచయంతో బరోడా వెళ్లి శాయాజీరావు గైక్వాడ్ చిత్రాలు వేశాడు. 1888లో గైక్వాడ్ ఊటీలో కలిసి, రామాయణ భారతాల నుంచి 14 చిత్రాలు కావాలన్నాడు. వేయడానికి ముందు రవివర్మా, చిత్రకారుడే అయిన ఆయన తమ్ముడూ కలిసి ఉత్తరదేశం చుట్టి వచ్చారు. దేశమంతటికీ చెల్లే చీరకట్టు, నగల తీరు ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకులాట. 1890కి చిత్రాలు పూర్తయ్యాయి. బరోడాలో పెట్టక ముందు తిరువనంతపురంలోనూ, ఆ తర్వాత బొంబాయిలోనూ జనానికి చూపిస్తే విరగబడి చూశారు.

అయితే ద్రౌపదికీ సీతకీ మరాఠీ చీర ఎందుకు కట్టాడు?

పై వెతుకులాటకి దొరికిన జవాబు అది. పురాణ స్త్రీ ఏ ప్రాంతం మనిషిలా కనిపించాలి? కేరళ ముండు కడితే కేరళ మనిషైపోతుంది. రవివర్మ చివరికి చీర దగ్గర ఆగాడు. మహారాష్ట్రలో కట్టే గోచీ చీర కొన్నిటిలో, పమిట జారే మామూలు చీర మరికొన్నిటిలో. బొంబాయిలో ఉండటం, అక్కడి నాటకాలు చూడటం, మరాఠీ స్త్రీలు మోడల్స్‌గా దొరకడం ఇవన్నీ తోడయ్యాయి. మన నాయనమ్మల గోచీకట్టుకి దగ్గరగా ఉండేసరికి మనకి అది పరాయిగా కూడా అనిపించలేదు.

మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉన్న సంగీతకారిణుల చిత్రంలో ఆయన దీనికి పూర్తి ఎదురుగా వెళ్లాడు. 11 మంది ఆడవాళ్లు, ఒక్కొక్కరిదీ ఒక్కో ప్రాంతం కట్టు. అది చూస్తే ఈ మనిషికి బట్టల మీద ఎంత ధ్యాసో తెలుస్తుంది.

మైసూరులో దీపం పట్టుకున్న ఆవిడ చిత్రం కూడా రవివర్మదే కదా?

కాదండీ, కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ ప్రశ్న ఆగదు. అరచేయి అడ్డుపెట్టి దీపం పట్టుకున్న ఆ చిత్రం ఎస్.ఎల్. హల్దంకర్ వేసిన నీటిరంగుల చిత్రం. మోడల్ ఆయన కూతురే. 1940ల నాటిది, అంటే రవివర్మ పోయి దాదాపు 40 ఏళ్లయ్యాక. అదే ప్యాలెస్‌లో రవివర్మ చిత్రాలు కూడా ఉండటం వల్ల ఈ గందరగోళం. హల్దంకర్‌కి పాపం తన పేరు తనకి దక్కలేదు.

మా పూజగదిలో లక్ష్మి, సరస్వతి బొమ్మలు రవివర్మవే అంటారు. మహారాజులకి వేసినవాడి బొమ్మలు మన ఇళ్లకెలా వచ్చాయి?

ముందే చెప్పిన మాధవరావు 1884లో ఒక సలహా ఇచ్చాడు. మీ బొమ్మలు కావాలనేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఒక్కరే అందరికీ వేసివ్వలేరు, కాబట్టి కొన్నిటిని యూరప్ పంపి అచ్చు వేయించండి అని. రవివర్మ పదేళ్లు ఆలోచించి, యూరప్ పంపడం మాని, ప్రెస్సే ఇక్కడికి తెచ్చాడు. 1894లో బొంబాయిలో గోవర్ధన్‌దాస్ ఖటావ్ మఖంజీ అనే వ్యాపారి భాగస్వామ్యంతో లితోగ్రాఫిక్ ప్రెస్ మొదలైంది. యంత్రాలు, పనివాళ్లు జర్మనీ నుంచి వచ్చారు. మొదట అచ్చయింది శకుంతల పుట్టుక చిత్రం.

ఈ అచ్చు ఎలా జరిగేదో తెలిస్తే మీ ఇంట్లో పాత పటాన్ని ఇంకోలా చూస్తారు. నున్నగా అరగదీసిన సున్నపురాయి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపితే, గీసిన చోట నీరు నిలవదు, మిగతా చోట నిలుస్తుంది. దాని మీద సిరా రోలర్ నడిపితే గీసిన చోటే అంటుకుంటుంది. ఇది ఒక రంగుకి. లక్ష్మీదేవి చీర ఎరుపుకి ఒక రాయి, తామరాకుల పచ్చకి ఇంకోటి, చర్మం రంగు తేవడానికి రెండు మూడు. ఒకే కాగితం ఇన్ని రాళ్ల కిందికీ వెళ్లి రావాలి, వెంట్రుకవాసి జరిగినా కన్ను ఒకచోట, కాటుక ఒకచోట పడతాయి. చివర వార్నిష్ పూసి, కొన్నిటికి కాన్వాస్ గరుకు వచ్చేలా ఒత్తేవారు. ఆయిల్ పెయింటింగ్‌లా కనిపిస్తుంది కాబట్టి ఓలియోగ్రాఫ్ అన్నారు.

ఆ బొమ్మల్లోని లక్ష్మి చెరువులో తామరపువ్వు మీద నిలబడి ఉంటుంది, పక్కన ఏనుగు తొండంతో పూలదండ ఎత్తి పట్టుకుంటుంది. సరస్వతి రాతి మీద వీణతో కూర్చుంటే పక్కన నెమలి. చేతులు నాలుగే గానీ ముఖాలు మాత్రం మన వీధిలో కనిపించే ముఖాలు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని కులాలవాళ్ల ఇళ్లలో కూడా ఈ కాగితం దేవత గోడెక్కింది. రవివర్మ చేసిన పెద్ద పని నా లెక్కలో ఇదే, పతకాలు కాదు.

ప్రెస్‌తో కోట్లు గడించి ఉంటాడే?

అప్పులు గడించాడు. ఆయనకి బొమ్మ తెలుసు గానీ వ్యాపారం తెలియదు. దానికి తోడు బొంబాయిలో ప్లేగు. 1899లో ప్రెస్‌ని లోనావ్లా దగ్గర మళవ్లీకి మార్చారు. కొన్నాళ్లకే దాన్ని జర్మన్ టెక్నీషియన్ ఫ్రిట్జ్ ష్లైషర్‌కి అమ్మేశాడు, బొమ్మల అచ్చు హక్కులతో సహా. దాని మీద నిజంగా బాగుపడింది ష్లైషరే. మన దేశంలో తొలి పూర్తి నిడివి కథాచిత్రం తీసిన ఫాల్కే కూడా ఒకప్పుడు ఈ ప్రెస్‌లో పనిచేసినవాడే. 1972లో అగ్నిప్రమాదంలో ప్రెస్ తగలబడిపోయింది.

మా తాతగారి ఇంట్లో పాత పటం ఉంది. అడుగున 'రవివర్మ ప్రెస్' అని ఉంది. అసలుదేనా?

ముందు ఒక విషయం. రవివర్మ ప్రెస్ అని ఉన్నంత మాత్రాన బొమ్మ రవివర్మ వేసినట్టు కాదు. అమ్మేశాక కూడా ఆ పేరు మీదే, వేరేవాళ్ల బొమ్మలు ఎన్నో అచ్చయ్యాయి. ఇక మన వైపు ఇళ్లలో ఉండే శివకాశి క్యాలెండర్ దేవుళ్లలో చాలామటుకు కోవిల్‌పట్టి చిత్రకారుడు కొండయ్య రాజు, ఆయన శిష్యులు వేసినవి. వాటినీ రవివర్మ ఖాతాలోనే వేసేస్తుంటారు.

పాత రాతి అచ్చా, కొత్త ఆఫ్‌సెట్ అచ్చా తెలుసుకోవడానికి భూతద్దం చాలు. చెంప దగ్గర పెట్టి చూడండి. చుక్కలు వరసగా, గళ్లు కట్టినట్టు, సమానమైన ఎడంతో ఉంటే ఆఫ్‌సెట్, అంటే కొత్తది. చుక్కలు పెద్దవీ చిన్నవీ కలిసి, చేత్తో పెట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంటే రాతి అచ్చు కావచ్చు. అంచుల దగ్గర రంగులు కొద్దిగా బయటికి జరిగి కనిపించినా మంచి గుర్తే.

చెట్టినాడు వైపు, మద్రాసులోనూ ఇంకో ముచ్చట ఉండేది. ఈ అచ్చు బొమ్మల మీద చీర వరకూ నిజం బట్ట అతికి, జరీ కుట్టి, చమ్కీలు, పూసలు పెట్టి అద్దం బిగించేవారు. ముఖం, చేతులు మాత్రం కాగితం. దేవత ఒంటి మీద జరీ అంచు నిజంగానే ఎత్తుగా లేచి ఉంటుంది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే దయచేసి చమ్కీలు ఊడాయని పీకేయకండి, ఇప్పుడు దాని అందమే అది.

ఫ్రేమ్ కట్టే షాపుకి ఇచ్చేటప్పుడు వెనక ప్లైవుడ్‌కి జిగురుతో అతికించొద్దని గట్టిగా చెప్పండి. అతికించారంటే ఆ కాగితం మళ్లీ ఊడి రాదు. చెమ్మ గోడకి తగిలించినా, చెదలు ఉన్న చోట పెట్టినా ఇక చెప్పేదేముంది.

తమ్ముడే అసలు బొమ్మలు వేసేవాడని విన్నాం?

అంత లేదు గానీ, తమ్ముడు లేకపోతే రవివర్మ లేడన్నది మాత్రం నిజం. సి. రాజరాజవర్మ 1860లో పుట్టాడు. చాలా చిత్రాల్లో వెనక కనిపించే కొండలు, చెట్లు, నీళ్లు అతని చేతివే. లెక్కలు, ఉత్తరాలు, దొరలతో మాట్లాడటం, రైలు టికెట్లు అన్నీ అతనే చూసేవాడు. ఇంగ్లీషులో డైరీ కూడా రాశాడు. అన్నదమ్ములు ఏ ఊరు వెళ్లారు, ఎవరు డబ్బు ఎగ్గొట్టారు, ఏ చిత్రం ఎన్నాళ్లు పట్టింది అన్న చిన్న చిన్న సంగతులు అందులో దొరుకుతాయి. 1905లో అతను పోయాక రవివర్మ చేయి విరిగినట్టయింది. షుగర్ జబ్బు అప్పటికే ఉంది. మరుసటేడే ఆయనా పోయాడు.

చెల్లెలు మంగళాబాయి సంగతి ఎవరూ అడగరు. ఆమె కూడా చిత్రకారిణే. అన్న బొమ్మ వేసింది. ఆడపిల్ల కాబట్టి రైలెక్కి దేశం తిరగలేదు, పతకాలూ రాలేదు.

మోడల్స్‌తో ప్రేమకథలు నిజమేనా?

సినిమావాళ్లని అడగండి.

మరి ఆర్ట్ తెలిసినవాళ్లు రవివర్మని ఎందుకు తక్కువ చేస్తారు?

1905 తర్వాత స్వదేశీ గాలి వీచింది. యూరప్ పద్ధతిలో వేసిన మన దేవుళ్లు కొందరికి గిట్టలేదు. ఈ వాదన ముందు నడిపినవాళ్లలో ఇ.బి. హావెల్ ఒకడు. 1884లో మద్రాసు ఆర్ట్ స్కూలుకి అధిపతిగా వచ్చి, తర్వాత కలకత్తా వెళ్లి చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్‌తో కలిసి కొత్త ఒరవడి తెచ్చిన మనిషి. కళావిమర్శకుడు ఆనంద కుమారస్వామి కూడా ఘాటుగానే రాశాడు. నాటకంలా ఉంటాయి, భావం లోతు లేదు అన్నది వాళ్ల ఫిర్యాదు.

నాటకంలా ఉంటాయన్నది ఒప్పుకోవాల్సిందే. కొన్ని చిత్రాల్లో తెర లేచిన క్షణంలో నటులు నిలబడ్డట్టే ఉంటారు. కానీ పోర్ట్రెయిట్ల విషయంలో ఆ విమర్శ నిలవదు. అక్కడ ఎదురుగా నిజమైన మనిషి కూర్చుంటాడు, రవివర్మ కన్ను అతన్ని వదలదు. కుమారస్వామి ఫిర్యాదు క్యాలెండర్ బొమ్మకి పూర్తిగా తగులుతుంది, కాన్వాస్‌కి సగమే తగులుతుంది.

తెలుగువాళ్ల మీద ఆయన ప్రభావం ఉందా?

పెళ్లిచూపులకెళ్లి వచ్చి "పిల్ల రవివర్మ బొమ్మలా ఉంది" అనే జాతి మనది, ఇంకా అడగాలా!

వడ్డాది పాపయ్య చిన్నతనంలో రవివర్మ కోదండరాముడి బొమ్మ చూసి కుంచె పట్టాడని చెబుతారు. శ్రీకాకుళంలో పుట్టిన ఆయన తర్వాత మద్రాసు వడపళని నుంచి వచ్చే చందమామకి వేసిన ముఖచిత్రాలు మనందరి బాల్యంలో భాగం. కానీ పాపయ్య రవివర్మని అచ్చు దించలేదు. ఆయన రంగులు వేరు, ఆయన ఆడవాళ్లు కళింగాంధ్ర ఆడవాళ్లు. ఇక కోడంబాకం, వడపళని స్టూడియోల్లో తయారైన తెలుగు పౌరాణికాలు చూడండి: కిరీటం ఎత్తు, వెనక స్తంభాలు, ఎర్ర మఖమల్ తెర, రాణి నిలబడే తీరు. రవివర్మని చూడకుండా ఆ సెట్లు వేశారంటే నేను నమ్మను.

1902లో అన్నదమ్ములు హైదరాబాద్ కూడా వచ్చారు. ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఆతిథ్యంలో ఉన్నారు. కెమెరా అన్నా, ఫొటో చూసి వేయడమన్నా రవివర్మకి ఏ మొహమాటమూ లేదు కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరి ఉండాలి.

ఎగ్మోర్‌లో చూడటానికి ఎంత టైమ్ పడుతుంది? ఎలా వెళ్లాలి?

ఎగ్మోర్ స్టేషన్ నుంచి పాంథియన్ రోడ్డుకి ఆటో కూడా అక్కర్లేదు, నడిచే దూరమే. శుక్రవారం సెలవు. ఊరి నుంచి సరిగ్గా శుక్రవారమే వచ్చి గేటు దగ్గర నిలబడేవాళ్లు ఎందరో. క్యాంపస్ చాలా పెద్దది, 1851 నాటి సంస్థ. ఒక్కో భవనం ఒక్కోసారి మరమ్మతుల్లో ఉంటుంది, కాబట్టి టికెట్ కౌంటర్‌లోనే రవివర్మ చిత్రాలు ఇప్పుడు ఎక్కడ పెట్టారో అడగండి. హెన్రీ ఇర్విన్ కట్టిన ఎర్రరాతి నేషనల్ ఆర్ట్ గ్యాలరీని బయటి నుంచైనా చూడండి. మొఘలుల కోటగుమ్మంలా ఉంటుంది.

నా సలహా: కంచు విగ్రహాలు, అమరావతి శిల్పాలు పొద్దున్నే చూసేసి, కాఫీ తాగి, రవివర్మ దగ్గరికి తాజా కళ్లతో వెళ్లండి. ఇక్కడి సేకరణలో 1901లో వేసిన 'పిసినారి' ఉంది. పట్టుచీర లేదు, నగ లేదు, దేవత లేదు. క్యాలెండర్ రవివర్మ కోసం వచ్చినవాళ్లు దాన్ని దాటుకుంటూ వెళ్లిపోతారు. దాని ముందే ఎక్కువసేపు నిలబడమంటాను. ముందు దగ్గరికి వెళ్లి కుంచె జాడలు చూడండి. దగ్గర నుంచి రంగు ముద్దలే. వెనక్కి అడుగేస్తూ రండి, ఎక్కడో ఒకచోట అవి చర్మమైపోతాయి. ఆ దూరం ఒక్కో చిత్రానికి ఒక్కోలా ఉంటుంది. పిల్లలకి ఇది ఆటలా అప్పజెప్తే విసుగనరు. అచ్చు బొమ్మలో మీరు ఎన్ని అడుగులు వెనక్కి వేసినా ఇది జరగదు.

సమంత రవివర్మ బొమ్మలా తయారైన ఫొటో ఒకటి వచ్చింది కదా, అదేమిటి?

అది 2020 క్యాలెండర్. చెన్నై ఫొటోగ్రాఫర్ జి. వెంకట్‌రామ్, సుహాసిని నడిపే 'నామ్' సంస్థ కోసం, రవివర్మ చిత్రాలని సినిమా తారలతో మళ్లీ తీశాడు. బాగా తీశాడు. రవివర్మ ఫొటోలు చూసి బొమ్మలు వేస్తే, ఈయన బొమ్మలు చూసి ఫొటోలు తీశాడు.

పాత పటాన్ని అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపొచ్చా?

రవివర్మ చేత్తో వేసిన చిత్రమైతే పంపకూడదు. 1972 నాటి పురావస్తు, కళాసంపద చట్టం కింద 1979లో ఆయన చిత్రాలని జాతీయ కళాసంపదగా ప్రకటించారు. కొనొచ్చు, అమ్మొచ్చు, కానీ దేశం దాటించకూడదు. ఇలాంటి గుర్తింపు ఉన్న చిత్రకారులు తొమ్మిది మందే. ఠాగూర్ల ఇంటి నుంచే ముగ్గురు, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్ కూడా వాళ్లలో ఉన్నారు.

అచ్చు పటాల సంగతి వేరు. కానీ వందేళ్లు దాటిన కళావస్తువులన్నిటికీ అదే చట్టం వర్తిస్తుంది కాబట్టి, పటం అంత పాతదనిపిస్తే సూట్‌కేస్‌లో చీరల మధ్య పెట్టి పంపేయకండి. ఎయిర్‌పోర్ట్‌లో టెన్షన్ పడేకంటే, ముందే పురావస్తు శాఖ వాళ్లకి చూపించి, ఇది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోవడం మేలు.

పటానికి రోజూ కుంకుమబొట్టు పెడుతున్నాం. పాడవుతుందా?

అద్దం మీద పెడితే ఏమీ కాదు, నిక్షేపంగా పెట్టుకోండి. అద్దం లేకుండా నేరుగా కాగితం మీద పెడితే మాత్రం ఆ ఎరుపు ఇక పోదు, రుద్దితే అమ్మవారి నుదురే ఊడి వస్తుంది. ఇప్పటికే పెట్టేసి ఉంటే అలాగే వదిలేసి, పైన అద్దం వేయించండి. అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో సన్నటి అట్టముక్కలు పెట్టమని షాపతనికి చెప్పండి. దీపం కుందిని కూడా పటానికి మూరెడు దూరం జరిపితే మసి పట్టదు.